ఎడమ చేతి బ్రేకు

రాజపాళయం వెళ్ళొచ్చినవాళ్ళు అక్కడి మామిడిపళ్ళ గురించి చెబుతారు, గొలుసు తెంపుకునేలా మొరిగే తెల్ల కుక్కల గురించి చెబుతారు, ఊరికి పడమట గోడలా నిలబడ్డ కొండల గురించి చెబుతారు. నేనూ అవన్నీ చూశాను. కానీ ఈసారి వాటికోసం వెళ్ళలేదు. చోళపురం దగ్గర ఒక పల్లెలో రెంగసామి అనే మనిషి ఉన్నాడు. పేరు మార్చాను. రెండేళ్ళ కిందట ఆ కొండల కింద సైకిలు మీంచి పడి అతని కుడిచెయ్యి చచ్చుబడిపోయింది. తన తప్పువల్లే పడ్డానని అతను నమ్ముతున్నాడు. తప్పు నాది. ఆ మాట అతని ముఖం చూసి చెప్పడానికి వెళ్ళాను. మూడు రోజులు ఆ ఊళ్ళ మధ్య తిరిగాను. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నేను తొక్కే సైకిలును గ్రావెల్ బైక్ అంటారు. పందెం సైకిలుకు ఉన్నట్టే హ్యాండిల్ కిందికి వంగి ఉంటుంది, టైర్లు మాత్రం లావు. తారురోడ్డు అయిపోయిన చోట దాని పని మొదలవుతుంది. కంకర దారులు, వానకు కోసుకుపోయిన బండిబాటలు, గట్ల మీది కాలిదారులు. నాకు యాభై రెండేళ్ళు. ఒంగోలులో ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. షుగరు వస్తుందన్న భయంతో మొదలుపెట్టిన సైకిలు కొన్నాళ్ళకు పొగరుగా మారింది.

రెంగసామిని మొదట చూసింది మదురై దగ్గర ఒక గుంపు రైడులో. పంక్చరైన టైరుకు గాలి ఎక్కక తెలుగులో తిడుతూ కూర్చుంటే, వెనకనుంచి ఎవరో, “తిట్టితే గాలి ఎక్కదు అన్నా. పంపు కొడితేనే ఎక్కుతాది” అన్నారు. చూస్తే ముప్పై ఏళ్ళ మనిషి, పాలవాళ్ళు తొక్కే రకం బరువైన సైకిలు. మదురై నాయక రాజుల కాలంలో వెళ్ళి అక్కడే ఉండిపోయిన తెలుగు రైతుల వంశం వాళ్ళది. ‘కుట్టి యానై’, అంటే పిల్ల ఏనుగు అని అక్కడివాళ్ళు పిలిచే చిన్న ట్రాలీ బండి నడిపి, కొబ్బరికాయలు తోలేవాడు. ఆ రోజునుంచీ నేను అన్నను, అతను తమ్ముడు.

రాజపాళయంలో పొద్దుటి టిఫిను

బస్టాండుకు దగ్గర్లో ఒక హోటల్లో కూర్చున్నాను. నాలుగు ఇడ్లీ, పక్కన కారప్పొడి గుట్ట, దాని నడుమ గుంట చేసి నువ్వులనూనె పోశారు. మూడు చట్నీలు, సాంబారు అడక్కుండానే వస్తున్నాయి. నలభై రూపాయలు. ఒంగోలు అలవాటు కొద్దీ అల్లం పచ్చడి ఉందా అని అడిగాను. వడ్డించే ఆయనకు తెలుగు వచ్చు.

“అల్లమా? కడుపు నొప్పా సార్?” అన్నాడు కంగారుగా.

కాదు, ఇడ్లీలోకి అన్నాను. ఆయన లోపలికి తిరిగి వంటవాడికి తమిళంలో ఏదో చెప్పాడు. లోపలినుంచి పెద్ద నవ్వు వినబడింది. ఆ తర్వాత నేను తిన్నంతసేపూ ఒక్కొక్కరే వచ్చి నన్ను చూసిపోయారు.

మామూలుగా అయితే నాకూ నవ్వొచ్చేది. ఆ పూట రెండు ఇడ్లీ వదిలేసి లేచాను. చోళపురం అక్కడికి గట్టిగా అరగంట దారి. నేరుగా పోయి ఉంటే టిఫిను వేళకే చెప్పేసి ఉండేవాణ్ణి. నేను పడమటికి, సేత్తూరు వైపు తిరిగాను. ముందు అతను పడ్డ చోటు చూడాలి, అప్పుడే ధైర్యం వస్తుంది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. రెండేళ్ళుగా నేను చేస్తున్న పని అదే, ఏదో ఒకటి చెప్పుకుంటూ ఒక రోజు జరపడం.

సేత్తూరు

ఆషాఢ మాసం. అక్కడ ఆడి అంటారు. కొండ కనుమలోంచి వచ్చే గాలి రొమ్ము మీద చెయ్యి పెట్టి వెనక్కి నెడుతుంది. పది కిలోమీటర్లకే తొడలు మండిపోయాయి. సేత్తూరులో రోడ్డు పక్క ఒక టీ కొట్టు ముందు దిగాను. కొట్టు నడిపేది నలభై ఏళ్ళ ఆమె. గాజుగ్లాసు నిండా టీ పోసి, పైన నురుగు నిలబెట్టి ఇచ్చింది. మన దగ్గర అది ఇద్దరికి సరిపోయే టీ. పన్నెండు రూపాయలు. పప్పు వడ ఎనిమిది.

“ఏ ఊరు మీది? మీ తెలుగు టీవీ తెలుగు మాదిరి ఉండాది” అంది.

ఒంగోలు అని చెప్పాను.

“అంత దూరంనుంచీ ఈ సైకిల్ మీదనే వచ్చినారా?”

“కాదమ్మా. రైల్లో తెచ్చుకున్నాను.”

“ఆ… అట్లయితే సైకిలే మీ మీద వచ్చింది” అని తనే నవ్వింది. బెంచీ మీద ఉన్న ఇద్దరు ముసలివాళ్ళు ఆమె మాటను తమిళంలోకి మార్చి ఒకరికొకరు చెప్పుకుని మళ్ళీ నవ్వారు.

ఎటు పోతున్నారని అడిగింది. కొండకింద మామిడితోటల వెనక కంకర దారిలో అన్నాను. ఆమె నవ్వు ఆపేసింది. “ఆ పక్క వద్దు అన్నా. సరళై దారి. కాలు పెడితేనే జారతాది.” సరళై అంటే గులకరాళ్ళ కంకర. డబ్బులిచ్చి సైకిలెక్కాను. ఆమె వెనకనుంచి, “మెల్లగా పోయి రాండి” అంది. ఆ ఊళ్ళలో పొమ్మని ఎవరూ అనరు. పోయి రమ్మంటారు. మూడో రోజు ఒక్కచోట మాత్రం అనలేదు.

కొండ కింద దారి

తోటలు దాటాక దారి ఒక్కసారిగా లేస్తుంది. అడవిలోకి పోనివ్వరు. అడవికి ఇవతలే రాతిగుట్టలను చుట్టుకుంటూ పల్లెకూ పల్లెకూ మధ్య పాత బండిదారి ఉంది. కోడిగుడ్డంత రాళ్ళు, వాటి కింద ఇసుక. చక్రం ఒక వైపు పోతే మనం ఒక వైపు పోతాం. సగం ఎక్కేసరికి ముందు టైరులో ముల్లు దిగింది. మన సర్కారు తుమ్మే. అది అక్కడా అంతటా పరుచుకుంది.

టైరు విప్పుతుంటే మేకలు తోలుకుంటూ ఒక పెద్దాయన వచ్చాడు. కర్ర మీద గడ్డం ఆనించి తీరిగ్గా చూశాడు.

“స్టాండు లే. బెల్లు లే. క్యారియర్ లే. ఏం ఉండాదని కొన్నావయ్యా దీన్ని?”

“తేలిగ్గా ఉంటుంది పెద్దాయనా.”

“తేలికదానే తప్పు. ఆడి గాలికి రుబ్బురాయే ఎగిరిపోతాదంటారు మాలో. నువ్వేం మిగలతావు?” అని పక్కనే కూలబడ్డాడు. నా దగ్గరున్న వేరుశెనగ చిక్కీ సగం తుంచి ఇచ్చాను. దాన్ని మేకకు పెట్టాడు. పళ్ళు లేవని నోరు తెరిచి చూపించాడు.

కాసేపటికి తనే అన్నాడు. “రెండేండ్ల ముందు ఈడనే ఒక పిల్లోడు పడినాడు. చోళపురం పక్క. కుట్టి యానై బండి ఓట్టేవాడు. చెయ్యి పోయింది, పావం.”

నేను పంపు కొడుతూ ఉన్నాను.

“బ్రేకు పట్టడం తెలియనోడంట. సైకిల్ పైత్యం. పెండ్లామూ బిడ్డా ఉండేవాడికి ఏంటికి ఇది?”

“బ్రేకు పట్టడం తెలియదని ఎవరన్నారు?”

“ఊరంతా అంటా ఉండారు. కూడా వచ్చిన ఆంధ్రా ఆయనే ఆస్పత్రిలో చెప్పినాడంట. ఆయన చదువుకున్నోడు, తెలియకుండా చెప్తాడా?”

ఆ ఆంధ్రా ఆయన నేనేనని పెద్దాయనకు చెప్పలేదు. మేకల వెనక ఆయన దిగిపోయేదాకా తల ఎత్తలేదు.

ఇక్కడ ఆగి బ్రేకుల సంగతి చెప్పాలి. మన దేశంలో సైకిలుకు కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, ఎడమచేతిది వెనక చక్రానిది. కంకర దిగుడులో వెనక బ్రేకునే నమ్ముకుంటాం. ముందుది గట్టిగా పడితే చక్రం బిగుసుకుని మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరిపోతాడు. నా సైకిలు విదేశంలో ఉండి తిరిగొచ్చిన ఒకాయన దగ్గర కొన్నది. అక్కడి పద్ధతి దీనికి తలకిందులు. ఎడమచేతిది ముందు చక్రానికి. మార్పించుకోవడం ఒక పూట పని. నేను మార్పించలేదు. నా సైకిలు అందరి సైకిలు లాంటిది కాదు అని చెప్పుకోవడానికి అది కూడా ఒకటి ఉండేది.

పడ్డ రోజున రెంగసామి తన బరువు సైకిలు మీద నాకంటే ముందే ఈ ఎగుడు ఎక్కేశాడు. నేను రొప్పుతూ చేరేసరికి రాయి మీద కూర్చుని ఈల వేస్తున్నాడు. “అన్నా, నీ గుర్రాన్ని ఒకసారి ఇయ్యి. కింద దాకా పోయి ఇచ్చేస్తా” అన్నాడు. ఇచ్చాను. అతను పెడల్ మీద కాలు పెట్టేలోపే బ్రేకుల సంగతి నాకు గుర్తొచ్చింది. మరిచిపోయానని ఇన్నాళ్ళు అనుకుంటూ వచ్చాను. అది అబద్ధం. గుర్తొచ్చింది. నోరు కూడా తెరిచాను. కానీ అంత ఖరీదు పెట్టి కొన్న సైకిలు మీద నేను ఆయాసపడుతుంటే, అతను పాల సైకిలు మీద వచ్చి ఈల వేయడం నాకు కడుపులో మండుతూ ఉంది. కాస్త జంకనీ, తనకే తెలుస్తుంది అనుకున్నాను. ఆ అనుకోవడానికి పట్టిన కాలంలో అతను మలుపు తిరిగిపోయాడు.

ఆస్పత్రిలో అందరూ ఎలా పడ్డాడని అడిగారు. “దిగేటప్పుడు ముందు బ్రేకు పట్టేశాడు” అని చెప్పాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అంతకంటే పెద్ద అబద్ధం నేను నా జన్మలో చెప్పలేదు.

ఆ చోట రాళ్ళు తప్ప ఏమీ లేవు. ధైర్యమూ రాలేదు. సైకిలు చేత్తో నడిపించుకుంటూ దిగాను.

చోళపురం, రెండో రోజు

రెంగసామి ఇల్లు ఊరి చివర, పత్తిచేలకు ఆనుకుని ఉంది. ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉన్నాడు. గుమ్మం ముందు సైకిలు ఆనించగానే లోపలినుంచి, “అన్నా!” అని అరుచుకుంటూ వచ్చాడు. ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు. కుడిచెయ్యి చొక్కా గుండీల మధ్య దోపి ఉంది. అది ఊగితే భుజం లాగేస్తుందట.

“ఎన్నిసార్లు ఫోన్ చేసినాను అన్నా. నువ్వు ఎత్తనే లేదు. కోపమేమో అనుకున్నాను, నీ సైకిల్ వంచేసినానని.”

సైకిలును గోడకు సర్దే వంకతో పక్కకు తిరిగాను.

అతని భార్య రామలక్ష్మి వచ్చి, “రాండి అన్నా, కూర్చోండి” అని, వద్దంటున్నా పక్కింటివాళ్ళను పంపి కలర్ తెప్పించింది. ఇంటికి చుట్టం వస్తే మనం మజ్జిగ ఇస్తాం, వాళ్ళు రంగు సోడా సీసా తెప్పిస్తారు. అది తాగనిదే మాట మొదలవదు. ఎర్రగా, గొంతు అంటుకుపోయే తీపి.

ఇప్పుడు సత్రపట్టిలో గాయాల గుడ్డ నేసే షెడ్డులో పని చేస్తున్నాడు. గుడ్డను చుట్టలుగా చుట్టి మడవడం. ఒక కొస గడ్డం కింద నొక్కిపెట్టి ఎడమచేత్తో చుడతాడట. నాకు చేసి చూపించాడు. “ఇరవై దినాల్లో నేర్చుకున్నా” అన్నాడు గర్వంగా. బండి అమ్మేశారు.

“బండి ఉన్నప్పుడే చెప్పినాను, సైకిల్ వద్దని” అంది రామలక్ష్మి వాకిలి దగ్గరనుంచి. “బ్రేకు ఏదో, ఏది పట్టాలో తెలియనోడికి కొండ ఏంటికి అన్నా? మీరే చెప్పండి.”

“చెప్పాల్సింది చెప్పేసింది, ఇంక చోరు పెడతాది చూడు” అని రెంగసామి నవ్వాడు. అన్నాన్ని వాళ్ళు చోరు అంటారు. ఆ నవ్వులో అలవాటు కనిపించింది. ఆ మాట అతను రెండేళ్ళుగా రోజూ వింటున్నాడు.

నేను నోరు తెరవబోతున్నాను. నిజంగానే తెరవబోతున్నాను. అప్పుడే అతను లేచి, ట్రంకు పెట్టెలోంచి ఒక కవరు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. అది నా చేతిరాత.

ప్రమాదం జరిగిన నెలకు నేను రాసిన ఉత్తరం. ఫోను చేస్తే అతని గొంతు వినాలి కాబట్టి ఉత్తరం రాశాను. తెలుగులో రాశాను. మేం ఎప్పుడూ తెలుగులోనే కదా మాట్లాడుకున్నాం. అతను నాకు ఎప్పుడూ గొంతు రికార్డు చేసి పంపేవాడు, ఒక్క ముక్క కూడా టైపు చేసేవాడు కాదు. ఎందుకో నేను ఒక్కసారీ ఆలోచించలేదు. వాళ్ళు తరతరాలుగా తెలుగు మాట్లాడతారు. చదువు మాత్రం తమిళంలో. తెలుగు లిపి వాళ్ళకు రాదు.

“మా వీధిలో ఎవరికీ చదవను రాదు అన్నా. ఇంకెవరి దగ్గరికైనా తీసుకుపోయి చదివించమని రామలక్ష్మి పోరుతూనే ఉండాది. నాకే మనసు రాలే. అన్న నాకు రాసిన కడిదం ఇంకొకడు ఏంటికి చదవాల? నువ్వు వస్తావు, నీ నోటితోనే విందామని పెట్టుకున్నా. చదువు.”

కవరును వేళ్ళతో చింపలేదు. చాలా జాగ్రత్తగా, బ్లేడుతో పైఅంచు కోసి ఉంది.

కాగితం విప్పాను. అందులో ఉన్నది ఇది. ‘తమ్ముడూ, దిగుడులో బ్రేకు మీద చెయ్యి మెత్తగా ఉండాలని నీకు ఎన్నోసార్లు చెప్పాను. జరిగిందేదో జరిగింది. నిన్ను నువ్వు నిందించుకోకు.’ ఇలా ఒకటిన్నర పేజీ. ఓదారుస్తున్నట్టు కనబడుతూ, ప్రతి వాక్యమూ తప్పు అతనిదే అని చెబుతుంది. రాసేటప్పుడు నాకు ఆ సంగతి తెలుసు.

రెంగసామి నా ఎదురుగా నేలమీద కూర్చుని నా నోరు చూస్తున్నాడు. రామలక్ష్మి పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చింది.

నేను చదివాను. “తమ్ముడూ, నా సైకిలుకు ఎడమచేతిది ముందు బ్రేకు. నీకు చెప్పడం మరిచిపోయాను. నీ చెయ్యి చెయ్యాల్సిందే చేసింది. తప్పు నాది. నన్ను క్షమించు.”

కాగితంలో లేనిది చదివాను. చెప్పడానికి వచ్చిన మాటే కదా అది, చెప్పేశాను కదా అని ఎవరైనా అనవచ్చు. కాదు. రెండేళ్ళ కిందటే చెప్పినవాడిలా చెప్పాను. అందులోనూ ‘మరిచిపోయాను’ అనే చదివాను.

రెంగసామి ఎడమచేతిని ముఖం ముందుకు తెచ్చుకుని, వేళ్ళు ముడిచి, విప్పి చూశాడు. బ్రేకు పట్టినట్టు.

“అట్లంటే నేను సరిగానే పట్టినాను” అన్నాడు. “సరిగానే పట్టినా కదా అన్నా?”

“సరిగానే పట్టావు.”

అతను నవ్వాడు. తర్వాత ఆ నవ్వు నా కళ్ళముందే మారిపోయింది. “రెండేండ్లు ఇది పెట్టెలో ఉండాది. రెండేండ్లు నువ్వు బదులుకోసం కాచుకుని ఉంటావు. ఎంత బాధ పడినావో అన్నా! నేను బుద్ధిలేని మడయన్ని. చదివించుకోలేదే!” అని నుదురు కొట్టుకున్నాడు.

రామలక్ష్మి గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది. “నేను ఈయన్ని ఎన్ని మాటలు అనినాను” అంది. “తినేటప్పుడు అనినాను. బిడ్డ ముందర అనినాను.”

తప్పు నాది అని చెప్పడానికి వెళ్ళి, ఆ ఇంట్లో ఇద్దరికీ కొత్తగా ఒక్కొక్క తప్పు పంచిపెట్టాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చేతులు కడుక్కుని తినడానికి కూర్చున్నాను. నాకోసం కోడి కోశారు. మన కూరకంటే మిరియం ఎక్కువ, కొబ్బరి ఎక్కువ. నా విస్తరిలోకి ముక్కలు తోస్తూ రెంగసామి, “అన్న మాదిరి మనిషి ఈ కాలంలో ఉండాడా?” అని పక్కింటివాళ్ళతో అంటున్నాడు. ఆ ఉత్తరాన్ని శనివారం రాజపాళయం తీసుకుపోయి లామినేషన్ చేయించి గోడకు పెడతానన్నాడు. రేపు షెడ్డుకు రమ్మని, అందరికీ నన్ను చూపించాలని, ఒట్టు వేయించుకున్నాడు.

మళ్ళీ చోళపురం, మూడో రోజు

రాత్రికి రాజపాళయం లాడ్జికి తిరిగొచ్చి, మర్నాడు పొద్దున్నే మళ్ళీ అక్కడికే తొక్కాను. అయినా ఆలస్యమైంది. రెంగసామి బస్సెక్కి సత్రపట్టి పోయాడు. రామలక్ష్మి వాకిట్లో గిన్నెలు తోముతోంది. దిగీదిగకముందే చెప్పేశాను. నిన్న చదివింది ఆ కాగితంలో లేదమ్మా. అప్పటికప్పుడు కల్పించాను.

ఆమె చేతులు కడుక్కుంది. లోపలికిపోయి ఉత్తరం తెచ్చింది.

“నిజంగా ఏం రాసినారో చదవండి.”

చదివాను. మూడు వాక్యాలు అయ్యాక, “చాలు” అంది.

“బ్రేకు సంగతి? అదైనా నిజమేనా?”

“నిజమే. ఒట్టు.”

“సరి.” కొంచెం సేపు ఆ కాగితాన్ని చూస్తూ నిలబడింది. “నిన్న సాయంకాలం ఆయన వీధి తిన్నె మీద పోయి కూర్చున్నాడు. రెండేండ్లలో మొదటిసారి. వచ్చేవాణ్ణీ పోయేవాణ్ణీ పిలిచి ఎడమచెయ్యి చూపించి చెప్పినాడు. ఈ పొద్దు గుండీలు తానే పెట్టుకున్నాడు, నన్ను దగ్గరికి రానియ్యలే.”

“అతనికి కూడా చెప్పేస్తానమ్మా. షెడ్డుకు పోయి…”

“ఏం చెప్తారు?” ఆమె గొంతు పెంచలేదు. “ఊరంతటికీ గొప్పగా చెప్పుకున్న అన్న అబద్ధం చదివినాడని చెప్తారా? మీరు చెప్పి మీ మనసు కడుక్కుని రైలెక్కిపోతారు. ఇక్కడ ఉండేది ఎవరు? ఆయన మళ్ళీ చెయ్యి లోపల దోపుకుని గోడ పక్కకు తిరిగి కూర్చుంటే చూసేది ఎవరు?”



ఆమె ఉత్తరం తీసుకుని పొయ్యి దగ్గరికి పోయింది. పాలు కాగుతున్నాయి. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కట్టెల మధ్యకు తోసింది. అది అంటుకునేదాకా చూసింది.

“శనివారం అడిగితే, పాత కాగితాలతోపాటు తెలియక పొయ్యిలో వేసినానని చెప్తా. అరుస్తాడు. ఒక నెల అరుస్తాడు. అరవనీ.” వెనక్కి తిరక్కుండానే అంది, “షెడ్డుకు పోండి. పోకుంటే మనసు విరిగిపోతాడు. పోయి, ఆయన ఏం అడిగితే దానికి సరి అనండి. ఆ తర్వాత మీ ఊరికి పోండి.”

పోయి రమ్మని ఆమె అనలేదు.

ఒకటి ఆమెకూ చెప్పలేదు. బ్రేకుల సంగతి మరిచిపోలేదనీ, గుర్తొచ్చి ఊరుకున్నాననీ. దాన్ని మొదటిసారి ఇక్కడే రాస్తున్నాను. ఆ వీధిలో ఇది చదవగలిగేవాళ్ళు లేరన్న ధైర్యంతో రాస్తున్నాను. కాబట్టి దీన్నికూడా ఎవరూ మంచితనం అనుకోవద్దు.

సత్రపట్టి

చోళపురంనుంచి సత్రపట్టికి పొలాల మధ్య అడ్డదారి ఉంది. పైన నల్లరేగడి, కింద రాళ్ళు. మామూలుగా నేను కోరి తొక్కే దారి. రెండుచోట్ల పడ్డాను. మోకాలు గీసుకుపోయింది. గాలి వెనకనుంచి తోస్తున్నా దిగి నడిపించుకుంటూ పోయాను.

సత్రపట్టి వీధుల్లోకి పోగానే మగ్గాల చప్పుడు మొదలవుతుంది. కరెంటు మగ్గాలు, ప్రతి మూడో ఇంట్లో. గాయాలకు కట్టే పల్చటి తెల్ల గుడ్డ నేస్తారు. ఎండలో బారులు బారులుగా ఆరేసి ఉంటుంది. దాని పక్కన నడిస్తే మందు వాసన. మన మంగళగిరిలోనో చీరాలలోనో మగ్గం దగ్గర రంగులు కనబడతాయి. ఇక్కడ ఏ రంగూ లేదు.

షెడ్డు గుమ్మంలో నన్ను చూసి రెంగసామి గుడ్డ చుట్టను గడ్డం కిందనుంచి జారవిడిచాడు. మగ్గాలు ఆపమని చెయ్యి ఊపాడు. పదిమంది దాకా ఉంటారు, సగంమంది ఆడవాళ్ళు. మేస్త్రీ కాబోలు, కళ్ళద్దాల పెద్దమనిషి ఒకాయన కుర్చీ తెచ్చి వేయించాడు. నేను కూర్చోలేదు.

“ఇదో, ఈ అన్నే!” అన్నాడు రెంగసామి. “నేను పడిన నెలకే కడిదం రాసినాడు. తప్పు నాదని తానే రాసినాడు. మడయన్ని, నేనే పెట్టెలో పెట్టుకున్నా.”

ఒకామె నోటిమీద చెయ్యి పెట్టుకుని నన్ను చూసింది. పక్కామె, “తప్పు చేసి తానే ఒప్పుకున్నోణ్ణి నేను ఇంతవరకూ చూళ్ళేదమ్మా. మా ఇంట్లో ఉండేవాడు సాంబారు ఒలికించి కూడా పిల్లి అంటాడు” అంది. అందరూ నవ్వారు. రెంగసామి అందరికంటే గట్టిగా నవ్వాడు.

మేస్త్రీ నా మోకాలు చూసి, అప్పుడే కోసిన గుడ్డ ముక్క తెచ్చి, వద్దంటున్నా వంగి తన చేత్తో కట్టాడు. “మనసుండే మనిషి” అన్నాడు తమిళంలో, నాకు కాదు, వాళ్ళకు.

“అన్నా,” అన్నాడు రెంగసామి, “ఆ కడిదంలో రాసింది ఒకసారి వీళ్ళకు నీ నోటితో చెప్పు. నేను చెప్తే సరిగా రాలే.”

అతను తన ఎడమచేతిని ముందుకు చాపి, వేళ్ళు సగం ముడిచి సిద్ధంగా పెట్టుకున్నాడు, నేను ఆ మాట దగ్గరికి వచ్చినప్పుడు అందరికీ చూపించడానికి.

“తమ్ముడూ,” అని మొదలుపెట్టాను, “నా సైకిలుకు ఎడమచేతిది ముందు బ్రేకు. నీకు చెప్పడం మరిచిపోయాను…”

చివరిదాకా చెప్పాను. ముందురోజు కాగితం అడ్డం పెట్టుకుని కూడా రెండుచోట్ల తడబడ్డాను. ఈసారి చేతిలో కాగితం లేదు. ఎక్కడా తడబడలేదు.